ఉబుంటు 22.04కు మారాక కాటా ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 దొరకలేదంటోంది

మిర్చికాటా_గుంటూరు

మాది గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న కోల్డ్ స్టోరేజీ. గేటు దగ్గర లారీ కాటాకు ఒక లినక్స్ కంప్యూటర్ ఉంది. కాటా పెట్టె నుంచి సీరియల్ కేబుల్ మీదుగా వచ్చే బరువును చదివి, చీటీ ముద్రించి, ఆ వివరాలను టీఎల్‌ఎస్ అనే గుప్తీకరించిన కనెక్షన్ ద్వారా ఆఫీసు సర్వర్‌కు పంపే ప్రోగ్రాం అందులో నడుస్తుంది. దాన్ని 2020లో ఒక చిన్న సంస్థ రాసి ఇచ్చింది. మా దగ్గర బైనరీ మాత్రమే ఉంది, సోర్స్ కోడ్ లేదు.

ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025 మే నెలతో ముగిసిందని తెలిసి, నిన్న ఆదివారం లారీలు లేని వేళ చూసుకుని 22.04కు అప్‌గ్రేడ్ చేశాను. అప్‌గ్రేడ్ సజావుగానే పూర్తయింది. ఈ ఉదయం కాటా ప్రోగ్రాం తెరవబోతే, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 1.1 అనే ఫైలును తెరవలేకపోతున్నానని ఒక్క వరుస చూపించి ఆగిపోయింది. లైబ్రరీల డైరెక్టరీలో వెతికితే అదే పేరుతో చివర 3 అని ఉన్న ఫైలు కనిపించింది. దానికి 1.1 అనే పేరుతో ఒక సింబాలిక్ లింకు పెట్టాను. ఇప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 అనే వెర్షన్ దొరకలేదని మరో ఎర్రర్ వస్తోంది.

పొద్దున్నుంచి చీటీలు చేత్తో రాస్తున్నాం. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించాల్సిన లారీలు రోడ్డు మీదిదాకా నిలబడి ఉన్నాయి. చేతిరాతలో ఒక అంకె తప్పితే ఆ నష్టం రైతు మీద పడుతుంది కాబట్టి నాకు భయంగా ఉంది. దయచేసి దారి చెప్పండి.

బెజవాడ_బిట్లు

ముందు ఆ లింకును తీసేయండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

లైబ్రరీ పేరు చివర ఉన్న అంకె అలంకారానికి పెట్టింది కాదండీ. దాన్ని సోనేమ్ అంటారు. ఆ అంకె మారనంత కాలం పాత బైనరీలు కొత్త లైబ్రరీతో నడుస్తాయని రాసినవారు మాట ఇస్తున్నట్టు. అంకె మారిందంటే ఆ మాట ఇకపై వర్తించదని వారే చెబుతున్నట్టు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది గుప్తీకరణ పనులు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో భాగం. 20.04లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1ఎఫ్, 22.04లో ఉన్నది 3.0.2. వీటి మధ్య లోపలి నిర్మాణాలు మారాయి. మీ ప్రోగ్రాం 1.1 నాటి గుర్తులున్న ఫంక్షన్లను అడుగుతోంది, 3లో ఆ గుర్తులు లేవు. అందుకే ప్రోగ్రాంకు లైబ్రరీలను జతచేసే లోడర్ దాన్ని ఆపేసింది, అలా ఆపడమే మంచిదైంది. ఇలాంటి వెర్షన్ గుర్తులు పెట్టని లైబ్రరీ అయి ఉంటే ప్రోగ్రాం తెరుచుకుని, మధ్యలో ఎక్కడో మెమరీని పాడుచేసి, తప్పు బరువులు పంపినా మీకు తెలిసేది కాదు.

తెనాలి_టెర్మినల్

అప్‌గ్రేడ్ చివర్లో, వాడుకలో లేని ప్యాకేజీలను తొలగించమంటారా అని అడుగుతుంది. దానికి అవునన్నారా?

మిర్చికాటా_గుంటూరు

అవునన్నాను. డిస్కు ఖాళీ అవుతుందనుకున్నాను. లింకు తీసేశాను.

తెనాలి_టెర్మినల్

పాత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 ప్యాకేజీ అప్పుడే పోయింది. వద్దని ఉంటే అది అక్కడే ఉండి, మీ ప్రోగ్రాం ఈ ఉదయం మామూలుగా తెరుచుకునేది. 20.04 సెక్యూరిటీ భాండారం నుంచి ఆ ఒక్క డెబ్ (ప్యాకేజీ) ఫైలు దించుకుని డీపీకేజీ అనే ఆజ్ఞతో ఎక్కించండి. లారీలు కదులుతాయి. మిగతా చర్చ సాయంత్రం పెట్టుకుందాం.

పటమట_ప్యాకెట్

తెనాలి గారి ఉద్దేశం మంచిదే, కానీ ఆ సలహాతో నేను ఏకీభవించను. అలా చేతితో ఎక్కించిన ప్యాకేజీకి 22.04 నుంచి ఒక్క అప్‌డేట్ కూడా రాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు మూల బృందం మద్దతు 2023 సెప్టెంబరు 11తో ముగిసింది. రేపు దానిలో లోపం బయటపడితే, అప్‌డేట్లు తెచ్చే ఏపీటీ మీకు ఏమీ చెప్పదు, అంతా తాజాగా ఉందనే చూపిస్తుంది.

తెనాలి_టెర్మినల్

అది నిజమే. కానీ ఆ ప్యాకేజీ ఉన్నంత మాత్రాన మిగతా వ్యవస్థ బలహీనపడదు కదా. 1.1ను పేరు పెట్టి అడిగిన ప్రోగ్రాం మాత్రమే దాన్ని వాడుకుంటుంది. కర్ల్, పైథాన్, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ 3 మీదే ఉంటాయి. గేటు ముందు లారీలు నిలబడి ఉండగా మీరు ఇంకేం చేయమంటారు?

పటమట_ప్యాకెట్

మీరన్న ఆ మాటను ఒప్పుకుంటాను. అయినా నా బాధ వేరు. వ్యవస్థ మొత్తానికి కనిపించే చోట ఆ ఫైలును పెడితే, వచ్చే ఏడాది ఇంకెవరో ఇంకో పాత ప్రోగ్రాం తెచ్చి ఎక్కిస్తారు, అదీ ఏ ఎర్రరూ లేకుండా నడిచిపోతుంది. ఎన్ని ప్రోగ్రాములు ఆ పాత లైబ్రరీ మీద ఆధారపడ్డాయో ఎవరికీ లెక్క ఉండదు. అందుకని ఆ డెబ్ ఫైలును ఇన్‌స్టాల్ చేయకుండా డీపీకేజీ-డెబ్‌తో విప్పి, అందులోని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌క్రిప్టో రెండింటినీ ఆప్ట్ (/opt) డైరెక్టరీ కింద కాటా పేరుతో ఒక డైరెక్టరీ చేసి అందులో ఉంచండి. కాటా ప్రోగ్రాంను తెరిచే స్క్రిప్టులో మాత్రమే, లైబ్రరీలను ఎక్కడ వెతకాలో లోడర్‌కు చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌కు ఆ డైరెక్టరీ ఇవ్వండి. దీనికీ ఐదు నిమిషాలే పడుతుంది. పాత లైబ్రరీ ఎవరి కోసం ఉందో ఆ డైరెక్టరీ పేరే చెబుతుంది.

ఏలూరురోడ్డు_అడ్మిన్

నేను ఇరవై ఏళ్లుగా సర్వర్లు చూస్తున్నాను. నడుస్తున్న దాన్ని ముట్టుకోకూడదన్నదే నా పద్ధతి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు దెబ్బతిన్నది 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా వాడినవారే. పాత 0.9.8 మీద ఉన్న నా సర్వర్లకు ఏమీ కాలేదు. కాటా కంప్యూటర్‌కు కొత్త ఉబుంటు ఎందుకండీ? దాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీసి, ఆఫీసు సర్వర్‌తో మాత్రమే మాట్లాడనిస్తే 20.04 మీద ఇంకా చాలాకాలం నడిచేది.

బెజవాడ_బిట్లు

అడ్మిన్ గారూ, హార్ట్‌బీట్ అనే సదుపాయమే లేని లైబ్రరీకి హార్ట్‌బ్లీడ్ సోకలేదన్నది నిజమే. అయితే అదే ఏడాది అక్టోబరులో పూడిల్ అనే మరో లోపం బయటపడింది. అది టీఎల్‌ఎస్‌కు ముందు తరం పద్ధతి అయిన ఎస్‌ఎస్‌ఎల్ 3.0ను ఇంకా అనుమతిస్తున్న సర్వర్ల మీద పడింది, వాటిలో మీ 0.9.8 లాంటివి ఎన్నో ఉన్నాయి. 2015 డిసెంబరు చివరతో 0.9.8కు మద్దతే ఆగిపోయింది. మొదటిసారి తప్పించుకోవడాన్ని పద్ధతిగా పెట్టుకోలేం. ఇంటర్నెట్ నుంచి విడదీయాలన్న మీ మాటను మాత్రం పూర్తిగా సమర్థిస్తున్నాను. కాటా గారు ఏ దారి ఎంచుకున్నా ఆ పని చేసి తీరాలి.

మిర్చికాటా_గుంటూరు

పటమట గారు చెప్పినట్టే చేశాను. ప్రోగ్రాంకు ఏ లైబ్రరీ ఎక్కడ దొరుకుతుందో చూపే ఎల్‌డీడీతో చూస్తే రెండు లైబ్రరీలూ ఆప్ట్ డైరెక్టరీలో దొరికినట్టే చూపుతోంది. కానీ ప్రోగ్రాం నడిపితే మళ్లీ మొదటి ఎర్రరే, 1.1 దొరకలేదనే అంటోంది. ఎల్‌డీడీకి దొరికింది ప్రోగ్రాంకు ఎందుకు దొరకదో నాకు అర్థం కావడం లేదు.

కృష్ణలంక_కెర్నల్

ఆ బైనరీ మీద ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొట్టి, అనుమతుల వరుసలో ఎక్స్ ఉండాల్సిన చోట ఎస్ అనే అక్షరం ఉందేమో చూడండి.

మిర్చికాటా_గుంటూరు

ఉంది. మొదటి మూడు అక్షరాల చివర ఎస్ ఉంది. యజమాని రూట్.

కృష్ణలంక_కెర్నల్

కారణం అదే. అది సెట్‌యూఐడీ ప్రోగ్రాం. ఎవరు నడిపినా రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద పూర్తి హక్కులతో, నడుస్తుంది. అలాంటి ప్రోగ్రాంకు మామూలు వినియోగదారు తనకు నచ్చిన లైబ్రరీని అందించగలిగితే రూట్ అధికారం వాడి చేతికి చిక్కినట్టే. అందుకే డైనమిక్ లోడర్ సురక్షిత పద్ధతిలోకి మారి, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను పట్టించుకోదు. ఎల్‌డీడీ ఆ అధికారం తీసుకోకుండా లోడర్‌తో పరీక్షిస్తుంది కాబట్టి దానికి దొరికింది.

దాన్ని సెట్‌యూఐడీగా ఎందుకు పెట్టారో ఊహించగలను. సీరియల్ పోర్టును తెరవడానికి అనుమతి లేదన్న ఎర్రర్ వచ్చినప్పుడు, రాసినవారు దగ్గరి దారి పట్టి రూట్ ఇచ్చేశారు. సరైన దారి ఇంకా చిన్నది. ఉబుంటులో సీరియల్ పోర్టు డయలౌట్ అనే గ్రూపుకు చెందుతుంది. కాటా దగ్గర కూర్చునే వినియోగదారును ఆ గ్రూపులో చేర్చండి, బైనరీ నుంచి సెట్‌యూఐడీ గుర్తు తీసేయండి, ఒకసారి లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. లాగౌట్ చేయకపోతే కొత్త గ్రూపు అమల్లోకి రాదు, ఆ సంగతి మరచిపోకండి.

మిర్చికాటా_గుంటూరు

తెరుచుకుంది! మొదటి చీటీ ఇప్పుడే వచ్చింది. తేజ రకం, నరసరావుపేట వైపు నుంచి వచ్చిన లారీ. కాటా పెట్టె మీది అంకెనూ చీటీ మీది అంకెనూ ఇద్దరం నిలబడి సరిచూశాం, రెండూ ఒకటే. ఇక్కడ నిలబడ్డ రైతులందరి తరఫున మీకు చెబుతున్నాను, మీరు చేసింది చాలా పెద్ద సాయం. పొద్దున్నుంచి చేత్తో రాసిన చీటీలను రాత్రికి కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసి ఎక్కిస్తాను.

తెనాలి_టెర్మినల్

చాలా సంతోషమండీ. పటమట గారి దారి నా దారి కంటే మేలైనదని ఒప్పుకుంటున్నాను. నేను చెప్పినట్టు చేసి ఉంటే సెట్‌యూఐడీ సంగతి బయటపడేదే కాదు, ఐదేళ్లుగా రూట్‌తో నడుస్తున్న ప్రోగ్రాం అలాగే నడుస్తూ ఉండేది.

బ్రాడీపేట_లెడ్జర్

ఈ చర్చ చూశాక నా సమస్య కూడా ఇదే కుటుంబానికి చెందిందనిపిస్తోంది. మాది ఆడిటర్ ఆఫీసు. ఒక క్లయింటు సర్వర్‌కు కనెక్ట్ కావడానికి వారు ఇచ్చిన సర్టిఫికెట్ ఫైలు, చివర పీ12 అని ఉంటుంది, 22.04లో తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డు సరైనదే. అన్‌సపోర్టెడ్ అని, ఆర్‌సీ2-40-సీబీసీ అని ఏదో రాస్తోంది. పాత కంప్యూటర్‌లో అదే ఫైలు తెరుచుకుంటోంది. ఫైలు పాడైందా?

బెజవాడ_బిట్లు

ఫైలు పాడు కాలేదు, దాని మీద వేసిన తాళం పాతబడింది. ఆర్‌సీ2-40 అంటే నలభై బిట్ల తాళపుచెవి. ఈ కాలపు కంప్యూటర్‌కు దాన్ని విరగ్గొట్టడం కష్టమే కాదు. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3లో ఆర్‌సీ2, ఆర్‌సీ4, డీఈఎస్, ఎండీ4, బ్లోఫిష్ వంటి పాత పద్ధతులను లెగసీ ప్రొవైడర్ అనే వేరే భాగంలోకి తరలించారు. అడిగితే తప్ప అది లోడ్ కాదు.

పీకేసీఎస్12 ఆజ్ఞకు హైఫన్ లెగసీ అని చేర్చి ఫైలును ఒకసారి పెమ్ రూపంలోకి విప్పండి. ఆ పెమ్ నుంచి లెగసీ అన్న మాట లేకుండా మళ్లీ పీ12గా ఎక్స్‌పోర్ట్ చేయండి. కొత్త ఫైలు ఏఈఎస్-256తో తయారవుతుంది, 22.04లో మామూలుగా తెరుచుకుంటుంది. మధ్యలో తయారైన పెమ్ ఫైలులో మీ ప్రైవేట్ కీ ఉంటుంది. ఆ పని మీ సొంత డైరెక్టరీలో చేసుకుని, వెంటనే దాన్ని ష్రెడ్ చేయండి. డౌన్‌లోడ్స్‌లో వదిలేయకండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

బ్రాడీపేట_లెడ్జర్

పనిచేసింది. పాత పీ12 ఫైలు ఇంతకాలం ఈమెయిల్‌లోనే పడి ఉంది. నలభై బిట్లన్న మాట విన్నాక ఊరుకోలేను. క్లయింటుతో మాట్లాడి కొత్త సర్టిఫికెట్టే తీసుకుంటాను.

కానూరు_విద్యార్థి

మా కాలేజీ ల్యాబులో రియాక్ట్ ప్రాజెక్టు బిల్డ్ చేస్తుంటే డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్ అని, 0308010సీ అనే అంకెతో ఎర్రర్ వస్తోంది. నోడ్ 16లో వచ్చేది కాదు, 18 ఎక్కించాక వస్తోంది. నోడ్_ఆప్షన్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-లెగసీ-ప్రొవైడర్ అని పెడితే పోతుందని స్నేహితుడు చెప్పాడు. పెట్టవచ్చా?

పటమట_ప్యాకెట్

మీదీ అదే కథ. నోడ్ 17 నుంచి దానితోపాటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వస్తుంది. మీ ప్రాజెక్టును బిల్డ్ చేసే వెబ్‌ప్యాక్ 4, ఫైళ్లకు గుర్తింపు ముద్ర వేయడానికి ఎండీ4ను వాడుతుంది. అది ఇప్పుడు లెగసీలో ఉంది. అక్కడ ఎండీ4ను రహస్యం కాపాడటానికి వాడటం లేదు కాబట్టి మీ స్నేహితుడి సలహా ఈ రాత్రి బిల్డ్‌కు పనికివస్తుంది. అయితే ఆ వేరియబుల్‌ను టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ అమలయ్యే బాష్‌ఆర్‌సీ ఫైలులో పెట్టి మరచిపోతే, ఆ యంత్రంలో మీరు నడిపే ప్రతి నోడ్ ప్రోగ్రాంకూ పాత పద్ధతులు తెరిచి ఉంటాయి. నిజమైన పరిష్కారం వెబ్‌ప్యాక్ 5కు మారడమే. కొత్త 5 వెర్షన్లలో ఎండీ4ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పని లేకుండా సొంతంగా లెక్కిస్తారు.

ఆటోనగర్_స్విచ్

నాకు పాత నెట్‌వర్క్ స్విచ్చులతో వచ్చింది చిక్కు. 22.04 నుంచి వాటిలోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ కాబోతే, సరిపోయే హోస్ట్ కీ రకం లేదనీ, అవతలివారు ఇవ్వగలిగింది ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ మాత్రమేననీ అంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి షా-1 అనే పాత పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను ప్రత్యేకంగా అడిగితే తప్ప అంగీకరించడం మానేశారు, 22.04లో ఉన్నది 8.9. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో ఆ స్విచ్చుల అడ్రసులకు మాత్రమే హోస్ట్‌కీఆల్గారిథమ్స్ ప్లస్ ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ అని రాసుకున్నాను. అందరు హోస్టులకూ వర్తించేలా నక్షత్రం గుర్తు కింద రాయమని చాలా చోట్ల చెబుతున్నారు. అలా చేయకండి.

ఏలూరురోడ్డు_అడ్మిన్

పైన ఉన్న జవాబులన్నీ చదివాను. నా మాటను కొంత సవరించుకుంటాను. లెడ్జర్ గారి నలభై బిట్ల ఫైలు పాత కంప్యూటర్‌లో తెరుచుకున్నంత కాలం ఎవరికీ అనుమానం రాలేదు. కాటా ప్రోగ్రాం రూట్‌తో నడుస్తోందన్నదీ అంతే. అప్‌గ్రేడ్ వల్ల విరిగినవి అనుకున్నాం గానీ, వాటిలో సగం అప్పటికే చెడి ఉన్నవి. అయినా ఒక మాట గట్టిగా చెబుతాను. సీజన్ నడుస్తుండగా, అదీ మరుసటి రోజు లారీలు ఉన్నాయని తెలిసి, అప్‌గ్రేడ్ చేయకూడదు. డిస్కు నకలు తీసి, వేరే యంత్రంలో ముందు నడిపి చూడాలి.

మిర్చికాటా_గుంటూరు

అడ్మిన్ గారి మాట తలకెక్కింది. నేను నకలు తీయలేదు, అది నా తప్పే. పాత హార్డ్ డిస్కు ఒకటి తెచ్చి ఈ వారం నుంచే మొదలుపెట్టాను.

ప్రోగ్రాం రాసిన సంస్థకు ఫోను చేశాను. 3 మీద మళ్లీ కంపైల్ చేసి ఇస్తామన్నారు. వారికి ఏమని చెప్పాలి?

బెజవాడ_బిట్లు

రెండు విషయాలు రాసి పంపండి. ఒకటి, సెట్‌యూఐడీ వద్దని. రెండు, మీ యంత్రంలో ఉన్నది 22.04 అని స్పష్టంగా. రెండోదాన్ని చిన్నదిగా చూడకండి. లినక్స్ ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ. పాత జీలిబ్‌సీ మీద కంపైల్ చేసింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడవకపోవచ్చు.

మిర్చికాటా_గుంటూరు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. సంస్థవారు కొత్త బైనరీ పంపారు. ఈసారి ముందు నకలు డిస్కు మీదే నడిపాను. జీలిబ్‌సీ_2.38 దొరకలేదన్నది. బిట్లు గారు ముందే హెచ్చరించారు. వారు 24.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేశారట.

కృష్ణలంక_కెర్నల్

24.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.39, మీ దగ్గర 2.35. ఏ ఫంక్షన్ 2.38ను అడుగుతోందో ఆబ్జ్‌డంప్ హైఫన్ పెద్ద టీతో చూసి ఇక్కడ పెట్టండి.

మిర్చికాటా_గుంటూరు

ఒక్కటే కనిపించింది. ఐసోసీ23 అని మొదలై ఎస్‌టీఆర్‌టీఓఎల్ అని ముగుస్తోంది.

కృష్ణలంక_కెర్నల్

అక్షరాల రూపంలో వచ్చిన బరువును అంకెగా మార్చే ఫంక్షన్ అది. కోడ్‌లో వారు ఎప్పటిలాగే స్ట్రింగ్ టు లాంగ్ అని రాసి ఉంటారు. జీలిబ్‌సీ 2.38 నుంచి, సీ భాష కొత్త ప్రమాణమైన సీ23లోని బైనరీ సంఖ్యలను కూడా చదివే కొత్త రూపానికి ఆ పిలుపును కంపైలేషన్ సమయంలోనే మళ్లిస్తున్నారు. మీ కోడ్‌లో ఏ తప్పూ లేదు. 22.04 కంటైనర్‌లో కంపైల్ చేయమనండి, ఒక్క వరుస కూడా మార్చనక్కర్లేదు.

మిర్చికాటా_గుంటూరు

వారు 22.04 డాకర్ కంటైనర్‌లో కంపైల్ చేసి నిన్న పంపారు. నకలు డిస్కు మీద తెరుచుకుంది, రీడ్‌ఎల్ఫ్‌తో చూస్తే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 3నే అడుగుతోంది, సెట్‌యూఐడీ లేదు. ఖాళీ లారీని మూడుసార్లు, సరుకుతో మూడుసార్లు తూచి రెండు ప్రోగ్రాముల చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాం, ఆరూ సరిపోయాయి. ఈ శనివారం రాత్రి అసలు యంత్రంలో మారుస్తాను. ఆప్ట్ కింద ఉన్న కాటా డైరెక్టరీని వెంటనే తీసేయాలా, కొన్నాళ్లు ఉంచాలా?

పటమట_ప్యాకెట్

పేరు మార్చి ఒక వారం ఉంచండి. ఏదీ దాన్ని అడగలేదని తేలాక తీసేయండి.